రేకుల గదిలో రెండు లాప్‌టాప్‌లు

“ఏసీ కాస్త ఆపేస్తారా?” అని ఉషశ్రీ అడిగేసరికి గవర్నర్‌పేటలోని ఆ కంప్యూటర్ల షాపులో ఉన్నవాళ్ళంతా పనులు మానేసి ఆమె వంక చూశారు. చూడరూ మరి! బయట రోహిణీ కార్తె ఎండ మాడ్చేస్తోంది. తారురోడ్డు మీద అడుగేస్తే చెప్పు అక్కడే ఉండిపోయి కాలొక్కటే వచ్చేలా ఉంది. షాపులో సగంమంది ఏదో కొనడానికి వచ్చినవాళ్ళు కాదు, కాసేపు చల్లగా నుంచుందామని వచ్చినవాళ్ళే. అలాంటి రోజున, అలాంటి చోట ఏసీ ఆపమనే మనిషిని ఎవరైనా ఏమనుకుంటారు?

కూడా వచ్చిన మరిది కిరీటి అయితే, ఈవిడెవరో తనకి తెలియనట్టు పక్కకి జరిగి మౌసులు చూడ్డం మొదలుపెట్టాడు.

ఉషశ్రీ సరదాకి అడగలేదు. ఆమె పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. గంటల కొద్దీ తీసిన వీడియోని కత్తిరించి, పాటలు పెట్టి, మనుషులు కూచుని చూసేలా చెయ్యడాన్ని బెజవాడలో మిక్సింగ్ అంటారు. గుణదలకి కోడలిగా వచ్చిన కొత్తలో, ఊరికే ఇంట్లో కూచోలేక బాలశౌరిగారి మిక్సింగ్ సెంటర్‌లో నేర్చుకుంది. క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. పెళ్ళికూతురి మొహం తామరపువ్వులోంచి పైకి రావడం, పెళ్ళికొడుకు మేఘాల్లో తేలడం, అన్నీ ఆమె చేతి చలవే. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ, తామరపువ్వు వెయ్యలేదని సీడీలు వెనక్కి పంపించిన పెళ్ళివారున్నారు. బాలశౌరిగారు సెంటర్ మూసేశాక ఉషశ్రీ ఇంట్లోనే పెద్ద కంప్యూటర్ పెట్టుకుంది. కెమెరావాళ్ళు మెమరీ కార్డులు తెచ్చి ఇస్తారు, ఆమె సినిమా చేసి ఇస్తుంది. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఏ మేనమామ తలంబ్రాలప్పుడు కళ్ళు తుడుచుకున్నాడో ఆమెకి తెలిసినంతగా ఆ ఇంటివాళ్ళకి కూడా తెలియదు. ఆమె ఎవరో మాత్రం వాళ్ళకి తెలియదు.

తెలియకపోవడమే మేలని మూడేళ్ళుగా ఆమె అనుకుంటోంది. దానికో కారణం ఉంది.

మూడేళ్ళ కిందట ఉయ్యూరులో ఓ ఓణీల ఫంక్షన్. పొద్దున జరిగింది సాయంత్రానికే సినిమాగా చేసి పెద్ద ఎల్‌ఈడీ తెర మీద వెయ్యడం అప్పుడప్పుడే మొదలైంది. ఉషశ్రీ పాత లాప్‌టాప్ ఒకటి పట్టుకుని వెళ్ళింది. ఉక్కలో, హడావిడిలో ఎలాగో చేసి తెర మీద వేసింది. అంతా బానే నడుస్తోందనుకునేలోపు బొమ్మ ఆగిపోయింది. ఎక్కడ ఆగింది? పాప నోరు బార్లా తెరిచి, కళ్ళు సగం మూసి, అత్త పెట్టే లడ్డు కోసం మెడ చాచిన చోట. ఇంటి గోడంత తెర, దాని నిండా ఆ నోరు. జనం ఒకటే నవ్వులు. పిల్ల ఓణీలో మొహం దాచుకుని ఏడ్చింది. వాళ్ళ నాన్న స్టేజి మీంచే “ఎవరయ్యా ఇది చేసింది?” అని కేకేశాడు. ఉషశ్రీ లాప్‌టాప్ మీదికి వంగింది. ఏ మీట నొక్కాలో తోచలేదు. చివరికి ఎవరో కరెంటు తీసేస్తే తెర నల్లబడింది.

ఆ రోజు నుంచి ఫంక్షన్ హాలు గడప తొక్కలేదు. “నాకు ఇంట్లోనే కుదురుద్ది” అని అందరికీ చెప్పేసింది. ఆ పిల్ల మొహం గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు.

అయితే రోజులు మారిపోయాయి. ఇప్పుడు సాయంత్రం సినిమా లేని పెళ్ళి లేదు. ఇంట్లో కూచుని నెల తర్వాత ఇచ్చే మిక్సింగ్ ఎవరికీ అక్కర్లేదు. ఎప్పటి నుంచో ఆమెకి కార్డులు తెచ్చిచ్చే కెమెరామన్ స్టీఫెన్ వచ్చి మొహమాటం లేకుండా చెప్పేశాడు. “అక్కా, గన్నవరంలో పెళ్ళి ఉంది. పగటి ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్. సినిమా తెర మీద పడాలంట. నువ్వు హాలుకొస్తానంటే ఒప్పుకుంటా. లేదంటే నేను వేరే వాళ్ళని చూసుకోవాలక్కా, ఎన్నాళ్ళని ఆపను?”

ఉషశ్రీ సరేనంది. అన్న క్షణం నుంచీ భయం పట్టుకుంది. ఈసారి కూడా తెర మీద బొమ్మ ఆగితే ఇక ఈ పని చేసే ధైర్యం తనకి ఉండదని ఆమెకి తెలుసు. అందుకే ఈ లాప్‌టాప్. అందుకే ఈ ఏసీ గొడవ.

ఎంపిక చివరికి రెండిటి దగ్గర ఆగింది. ఒకటి నల్లది, ఒకటి బూడిద రంగుది. రెండూ బాగా పైస్థాయివే, లోపలి ప్రాసెసర్లే వేరు. వాటి పేర్లు ఇక్కడ చెప్పను. చెప్తే చదివేవాళ్ళలో సగంమంది నా మీదికి యుద్ధానికొస్తారు, ఆ తగువు నాకెందుకు?

కిరీటి నల్లదాని పక్షం. వాడు శని ఆదివారాలు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో జట్టుకట్టి తుపాకుల ఆటలాడతాడు. వదిన వాడుకోని పూట ఆ లాప్‌టాప్ తనదేనని ముందే లెక్కేసుకున్నాడు. వారం నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. “వదినా, ప్రాసెసర్ అంటే వంటశాల అనుకో. ఒక్కో కోర్ ఒక్కో వంటమనిషి. నల్లదాంట్లో ఇరవైనాలుగు మంది ఉన్నారు. బూడిద దాంట్లో పదహారే. స్పీడు కూడా దీనిదే ఎక్కువ. యూట్యూబ్‌లో ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు.”

“ఇరవైనాలుగు మందీ ఒక్కసారి పొయ్యిలెలిగిస్తే ఆ వేడికి వంటశాలలో మనిషి నిలవగలడా?” అంది ఉషశ్రీ.

“అబ్బా, దానికి ఫ్యాన్లుంటాయి వదినా.”

షాపు యజమాని ఇష్తియాక్ ఓపికమంతుడు. ఉషశ్రీ పాత పెళ్ళి ఒకటి డ్రైవులో తెచ్చుకుంది. అదే పెళ్ళి, అవే పాటలు, రెండిట్లోనూ వేసి, పూర్తి సినిమా ఏది ముందు తయారుచేస్తుందో చూద్దామంది. ఇష్తియాక్ రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టించాడు. నల్లది ముందు ముగించింది. బూడిదది ఇంకా పని చేస్తూనే ఉంది. కిరీటి కాలరెగరేశాడు. కొనేవాళ్ళెవరైనా అక్కడితో ఆగిపోతారు. ఉషశ్రీకి మాత్రం ఉయ్యూరు హాలులో విడిది గది గుర్తొచ్చింది. కిటికీ లేని గది, తిరిగే కొద్దీ వేడి గాలే కొట్టే ఫ్యాను. అందుకని ఏసీ ఆపమని అడిగింది.

ఇష్తియాక్ నవ్వాడు. “ఏసీ ఆపితే జనం నన్ను తంతారు మేడమ్. పైన స్టాకు గది ఉంది, రేకుల కప్పు. మీకు అభ్యంతరం లేకపోతే అక్కడ చూసుకుందాం.”

ఎక్కారు. అది గదా, ఇటుకల బట్టీయా! అట్టపెట్టెల మధ్య స్టూలు మీద రెండు లాప్‌టాప్‌లు, చుట్టూ ముగ్గురు మనుషులు. ఇష్తియాక్ చేతిరుమాలు తల మీద కప్పుకున్నాడు. కిరీటి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఉషశ్రీ కొంగు నడుముకి దోపి, “మళ్ళీ వెయ్యండి” అంది. మొదటిసారి నల్లదే ముందు, అయితే కొద్దిలో. వెంటనే ఇంకోసారి వేయించింది. రెండూ సమానం. మూడోసారికి నల్లదాని ఫ్యాను పెళ్ళిపందిట్లో జనరేటర్‌లా మోతెక్కింది, పని మాత్రం నీరసించిపోయింది. బూడిదది కింద షాపులో ఎంతసేపు తీసుకుందో ఇక్కడా దాదాపు అంతే తీసుకుంది. చార్జర్లు పీకి కూడా చూసింది, హాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు గతేమిటని. నల్లదాని వేగం సగానికి పడిపోయింది. బూడిదది కొంచెం తగ్గిందంతే.

“గేముకైతే ఇదే వదినా, ఇప్పటికీ చెప్తున్నా” అన్నాడు కిరీటి, నల్లదాన్ని తుడుస్తూ.

“గేముకైతే అదేరా. చల్లటి గదిలో కూచుని ఆడేవాడికి దాన్ని మించింది లేదు, నేనూ ఒప్పుకుంటా. నేను వెళ్ళేది గన్నవరం పెళ్ళికి.”

కిరీటి నల్లదాన్ని మూసి పక్కన పెట్టాడు. మెట్లు దిగుతుంటే వీస్తున్న చల్లగాలికి ముగ్గురూ ఒకేసారి “అమ్మయ్య” అన్నారు. బూడిదదే కొన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఇంత ఖరీదైన వస్తువు తన మాట మీద కొనడం ఉషశ్రీకి అదే మొదలు. భర్తకి ఫోన్ చేసి చెబితే, “మోసేది నువ్వు, వాడేది నువ్వు, నన్నడుగుతావేంటి?” అన్నాడాయన.

ఇంట్లో అత్తగారు మాణిక్యమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి హారతిచ్చింది. వారమంతా అది చెప్పినట్టు విన్నది. కిరీటి ఒకపూట ఆటాడి చూసి, “ఫర్వాలేదు, పప్పులో ఉప్పు కాస్త తగ్గినట్టుంది” అని తేల్చాడు. ఉషశ్రీ భయం సగం తగ్గింది.

పెళ్ళిరోజు పొద్దున్నే బయల్దేరింది. మాణిక్యమ్మ లాప్‌టాప్ సంచీ తనే సర్ది చేతికిచ్చి, “జాగ్రత్తమ్మా, నేను చెయ్యాల్సింది చేశాను” అంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఉంటుందిలే అనుకుని ఉషశ్రీ ఆటో ఎక్కింది.

గన్నవరం హాల్లో ఆమెకిచ్చిన గది, అనుకున్నట్టుగానే, రేకుల గదికి చెల్లెలు. పక్కనే వంటశాల. గోడకి చెయ్యి ఆనిస్తే కాలుతోంది. జీలకర్ర బెల్లం అయ్యాక స్టీఫెన్ చెమటలు కక్కుతూ వచ్చి కార్డులిచ్చాడు. తలంబ్రాలు, అప్పగింతలు అయ్యాక ఇంకొన్ని. ఉషశ్రీ పనిలో పడింది. చేతులు వాటంతటవే కదులుతున్నాయి. పెళ్ళికొడుకు తలంబ్రాలు పోయబోయి తన మీదే పోసుకున్నాడు, అది పెట్టింది. పెళ్ళికూతురు పక్కకి తిరిగి చెల్లెలితో నవ్వింది, అదీ పెట్టింది. లాప్‌టాప్ మధ్యమధ్య ఒక్క క్షణం తడబడుతోంది. ఎండకిలే అనుకుంది. మధ్యాహ్నం భోజనానికి రమ్మని ఎవరో పిలిచారు గానీ వెళ్ళలేదు.

అతకడం అయిపోయింది. ఇక మొత్తాన్ని ఒక్క సినిమాగా తయారుచేయమని మీట నొక్కింది. లాప్‌టాప్ తెర మీద, పని ఎంతైందో చూపే గీత కదలడం మొదలైంది. కాసేపు బానే పాకింది. తర్వాత నత్తనడక. తర్వాత అసలు కదులుతోందా లేదా అన్నట్టు. ఇంకెంత సమయం పడుతుందో చూపించే అంకె తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. ఫ్యాను గోల గోలగా తిరుగుతోంది. బయట రిసెప్షన్‌కి వచ్చేవాళ్ళ కార్లు ఆగుతున్న చప్పుడు. స్టీఫెన్ తలుపు తీసి, “అక్కా, ఎల్‌ఈడీ వాళ్ళు రెడీ అంట” అని చెప్పి, ఆమె మొహం చూసి ఇంకేం అడక్కుండా తలుపేసి వెళ్ళిపోయాడు.

ఉషశ్రీ ఆ అంకె వంకే చూసింది. నోరు తెరిచిన ఆ పిల్ల కళ్ళముందుకొచ్చి కూచుంది. చేతులారా ఎంచుకున్నాను, అనుకుంది. వద్దు వదినా అని కిరీటి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నాకేదో తెలిసినట్టు అందర్నీ రేకుల కిందికి ఎక్కించి మరీ కొన్నాను. నాకెందుకొచ్చిన తెలివి? ఇంత కోపం ఆమెకి ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు.

కిరీటికి ఫోన్ చేసింది. వాడు ఎత్తగానే, “నువ్వు చెప్పిందే కరెక్ట్‌రా. ఇది ఆగిపోయేలా ఉంది. నవ్వుకో, ఫర్వాలేదు. ముందు ఏం చెయ్యాలో చెప్పు” అంది.

కిరీటి నవ్వలేదు. “వేడి ఎంత చూపిస్తుంది?”

చూసి చెప్పింది.

“వందకి దగ్గరా! లేదు లేదు, అది అంత వేడెక్కే రకం కాదు వదినా. ఆ రేకుల గదిలో నేనూ ఉన్నాగా, నా కళ్ళతో చూశా. అక్కడే ఎక్కలేదు, గన్నవరంలో ఎందుకెక్కుద్ది? నువ్వు కొన్నది మంచిదే. ఇంకేదో అయింది. పైకెత్తు, అడుగున చెయ్యి పెట్టు. గాలి లోపలికి లాగుతుందా?”

నువ్వు కొన్నది మంచిదే అన్న ఆ మాటకే ఆమెకి సగం ప్రాణం లేచొచ్చింది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని లాప్‌టాప్ పైకెత్తింది. అడుగున చెయ్యి పెట్టింది. గాలి లేదు. గరుకుగా తగలాల్సిన గాలి రంధ్రాల జాలీ కూడా తగల్లేదు. నున్నగా, జారుడుగా ఏదో తగిలింది. వంగి చూసింది.

అడుగంతా ప్లాస్టిక్ షీటు! బడి తెరిచే రోజుల్లో పుస్తకాలకి వేసే పారదర్శకమైన అట్ట. అంచులు ఎక్కడా లేవకుండా, నాలుగు మూలలా మడతలు పెట్టి, టేపు వేసి, ఎంతో ముచ్చటగా అతికించి ఉంది. టీవీ రిమోట్‌కి కవరు, ఫ్రిజ్ హ్యాండిల్‌కి కవరు, సోఫాకి కొన్న నాటి కవరు ఇప్పటికీ తియ్యనివ్వని ఇల్లు వాళ్ళది. ఆ పనితనం ఎవరిదో ఆమె వేరే విచారించక్కర్లేదు.

గోటితో మూల లేపి చర్రున పీకేసింది. పీకడమే తడవు జాలీ గాలిని ఒక్కసారి లోపలికి లాక్కుంది. ఆ చప్పుడు ఆమెకి వినపడింది. లాప్‌టాప్ కింద స్టీఫెన్ కెమెరా పెట్టె మూత అడ్డంపెట్టి ఎత్తు చేసింది. వేడి అంకె దిగడం మొదలైంది. గీత కదిలింది, తర్వాత పాకింది, తర్వాత పరిగెత్తింది.

“నడుస్తుందా?” అన్నాడు కిరీటి ఫోన్లో.

“నడుస్తుందిరా నాయనా, నడుస్తుంది!” అని ఉషశ్రీ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఎవరూ చూడటం లేదు కాబట్టి హాయిగా ఏడ్చింది కూడా.

ప్లాస్టిక్ సంగతి చెప్పగానే వాడు ఫోన్ పట్టుకెళ్ళి మాణిక్యమ్మకిచ్చాడు. “ఏమ్మా, ఆ ప్లాస్టిక్ పీకేశావంట? అడుగున అన్నీ చిల్లులమ్మా. పెళ్ళింట్లో పంచదార చీమలు ఊరుకుంటాయా? లోపలికి దూరతాయని నేనే తెల్లారకముందు లేచి అతికించా.”

కోప్పడదామని నోరు తెరిచింది గానీ, నిద్ర మానుకుని అట్ట వేస్తున్న అత్తగారు కళ్ళకి కట్టేసరికి ఉషశ్రీ కోపం చల్లారింది. “చీమలొస్తే నేను చూసుకుంటా అత్తయ్యా. అది ఊపిరి పీల్చుకునే చోటు” అంది.

“అయ్యో రామా, దానికీ ముక్కుందా! నాకు చెప్పొద్దూ మరి?” అందావిడ.

దీపాలు వెలిగే వేళకి సినిమా తెర మీద పడింది. ఉషశ్రీ తెర పక్కన, చిన్న బల్ల ముందు నుంచుంది. పెద్ద తెర వైపు కన్నెత్తి చూడలేదు. లాప్‌టాప్ వంకే చూస్తోంది, రెప్ప వేస్తే ఆగిపోతుందేమోనని. పాట మొదలైంది. పెళ్ళికొడుకు తలంబ్రాలు తన మీదే పోసుకునే చోట జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వు వినపడగానే ఆమె ఒళ్ళు బిగుసుకుపోయింది. బొమ్మ ఆగలేదు. వాళ్ళు నవ్వింది పెళ్ళికొడుకుని చూసే. ఆ పెళ్ళికొడుకు కూడా నవ్వుతున్నాడు. అప్పగింతల దగ్గర హాలు సద్దుమణిగి, ఎవరో ముక్కు చీదారు. చివరి బొమ్మ వెళ్ళి తెర చీకటయ్యాక చప్పట్లు మొదలయ్యాయి. ఉషశ్రీ బల్ల అంచు పట్టుకుని నిదానంగా ఊపిరి వదిలింది. మూడేళ్ళ బరువు ఇప్పటికి దిగింది.

చప్పట్లు ఆగాక ముందు వరసలోంచి ఓ ముసలావిడ లేచి, చేతికర్ర టకటకలాడించుకుంటూ నేరుగా ఆ బల్ల దగ్గరికే వచ్చింది. పెళ్ళికూతురి నాయనమ్మ, సంపూర్ణమ్మగారు.

“అమ్మాయ్, ఇదంతా చేసింది నువ్వేనా?”

ఉషశ్రీ బల్ల అంచు వదిలి సర్దుకుని నుంచుంది. “నేనేనండి మామ్మగారూ. ఏమన్నా...”

“పొద్దున జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నాకేం కనపళ్ళేదమ్మా. మీ వీడియోవాళ్ళు గోడ కట్టినట్టు అడ్డం నుంచున్నారు. అదుగో, ఆ గడ్డం అబ్బాయి వీపు చూశానంతే నా మనవరాలి పెళ్ళిలో. దాని మొహం ఇప్పుడు చూశా.” స్టీఫెన్ మెల్లగా తెర వెనక్కి తప్పుకున్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. “ఇంకోసారి వెయ్యి తల్లీ.”

“వేస్తానండి” అంది ఉషశ్రీ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

మీట నొక్కింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ముందు వరసకి నడిపించుకెళ్ళింది. కూచోబెట్టి వెనక్కి రాబోతుంటే సంపూర్ణమ్మగారు పక్క కుర్చీ చూపించి, “నువ్వెక్కడికి? నువ్వూ కూచో, చూద్దాం” అంది. ఉషశ్రీ బల్ల మీద ఒంటరిగా ఉన్న లాప్‌టాప్ వంక ఒక్కసారి చూసింది. తర్వాత దాన్ని దాని మానాన వదిలేసి, కూచుని, తెర వైపు మొహమెత్తింది.